కష్టం చెప్పే మాటలు

మా యంత్రం లోకానికి చేసిన మొదటి ఉపకారం శివన్నారాయణ పెళ్ళి సంబంధం చెడగొట్టడం.

శివన్నారాయణ మా ప్రయోగశాలలో నాతోపాటు పనిచేసే పరిశోధకుడు. విశాఖపట్నంలో, కిటికీ తీస్తే ఉప్పుగాలి మొహాన కొట్టే ఒక పాత మేడ మీద మూడు గదులు మావి. అక్కడ మేం తయారుచేసింది రెండు తలపట్టీలూ, ఆ రెంటినీ కలిపే ఒక పెట్టే. భాష తెలిసిన మనిషి ఒక పట్టీ పెట్టుకోవాలి, నేర్చుకునే మనిషి రెండోది. ఇద్దరూ కలిసి ఏదో ఒక ఇంటిపని చేసుకుంటూ కబుర్లు చెప్పుకోవాలి, అంతే. ఒళ్ళో పిల్లకి తల్లి మాటలు ఎలా పట్టుబడతాయో, పెద్దవాళ్ళకీ అలాగే పట్టుబడతాయి. మొదట పట్టీ పెట్టుకున్నవాడు శివన్నారాయణ. మా క్యాంటీన్లో వంటచేసే ఒడియా ఆవిడ పక్కన కూచుని కూరలు తరిగాడు. కొన్ని వారాలకే ఆవిడతో ఒడియాలో వేళాకోళాలు మొదలుపెట్టాడు. మేం మిఠాయి తెప్పించుకుని పంచుకున్నాం.

ఆ తరవాత అతను పెళ్ళిచూపులకి బరంపురం వెళ్ళాడు. పిల్ల తల్లి గుమ్మంలోకి ఎదురొచ్చి, సరదాకి ఒడియాలో పలకరించిందట. ఇతను హడలిపోయి స్తంభం చాటుకి తప్పుకున్నాడు. అడిగితే తెలిసిందేమిటంటే, వంటావిడని వాళ్ళ అత్తగారు పెళ్ళయిన నాటినుంచీ కాల్చుకు తిన్నది. అత్త అన్న మాట వంటావిడ నోటినుంచి వచ్చినప్పుడు, ఆ భయం కూడా వచ్చి వీడి ఒంట్లో కూచుంది. సంబంధం తప్పిపోయింది.

మేం నవ్వుకున్నాం గాని, నాకు లోపల్లోపల గుబులు పట్టుకుంది. మాట ఒక్కటే రావడం లేదు. దాని చుట్టూ నేర్పే మనిషి బతుకంతా పోగేసుకున్న ముచ్చటా, సిగ్గూ, బెదురూ అన్నీ వస్తున్నాయి. వాటిని వడకట్టాలని చాలాకాలం తంటాలు పడ్డాం. వడకడితే మాట కూడా నిలవడం లేదు. ఒకసారి వచ్చినదాన్ని తిరిగి తీసెయ్యడం అసలే మా చేతకాలేదు. అందుకని పట్టీలని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ తాళం తీయించినవాడు మా ఆయన. పేరు సన్యాసిరావే గాని, సంసారం మీద ఆయనకున్న మమకారం ఇంకెవరికీ ఉండదు. జిల్లా జడ్జిగా చేసి రిటైరై, మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ, మా అమ్మాయి తన్మయి పరీక్షలకి దానికంటే ఎక్కువ కంగారు పడుతూ ఉన్న మనిషికి, ప్రభుత్వం పులిగెడ్డ లోయ విచారణ అప్పగించింది.

పులిగెడ్డ కొండల్లో ఎరిమలు అనే కొండజాతివాళ్ళుంటారు. వాళ్ళ భాష వాళ్ళకి తప్ప బయటివాళ్ళకి రాదు. కొండ కింద గొర్లిపేట, తెలుగువాళ్ళ ఊరు. రెంటికీ నడుమ నల్లరాయి క్వారీ ఉంది. గొర్లిపేటలో ప్రతి ఇంటికీ అదే కూడు పెడుతోంది. ఒకనాడు జంపరవలస అనే ఎరిమల ఊరి మగవాళ్ళు గుంపుగా దిగివచ్చి క్వారీ ఆఫీసు తగలబెట్టారు. పోలీసులు ఊళ్ళో సగంమంది మగవాళ్ళని పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. ఎందుకు తగలబెట్టారయ్యా అంటే ఎవరూ చెప్పరు. దుబాసీలని పెట్టి ఇల్లిల్లూ అడిగించినా, అంతా బాగుంది, మాకే లోటూ లేదు అనేవారట. మనం నాలుగు మెతుకులు తినడం కొండోళ్ళకి కంటగింపయిందని గొర్లిపేటవాళ్ళు పళ్ళు నూరుతున్నారు. రెండూళ్ళూ కలిసే వారపుసంత ఆగిపోయింది. ఎరిమలకి నిజంగా కష్టం ఏదైనా ఉందని మా ఆయన తేలిస్తే ప్రభుత్వం కేసు ఎత్తేస్తుంది, క్వారీ మూతపడుతుంది. లేదంటే ఆ మగవాళ్ళు ఏళ్ళ తరబడి జైల్లో మగ్గిపోవాలి. క్వారీ మళ్ళీ పేలుళ్ళు మొదలుపెడుతుంది.

దుబాసీ నోట విన్నది సాక్ష్యం కాదు, ఎంగిలి అన్నాడు మా ఆయన. పట్టీ నాకు పెట్టు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. శివన్నారాయణ కథ చెప్పి బెదిరించాను. ఆయన గట్టిగా నవ్వేశాడు.

"అత్తగారంటే భయం నాకు మొదట్నించీ ఉన్నదేగా రోహిణీ. కొత్తగా వచ్చేదేముంది?"

మా అమ్మ పక్కగదిలోనే ఉంది. విననట్టు ఊరుకుంది.

*

నేర్పడానికి జంపరవలసలో సోమిలి ఒప్పుకుంది. ఆవిడ భర్త దుంబు జైల్లో ఉన్నాడు. ఆయన్ని విడిపించుకోవాలంటే ఈ జడ్జీకి తన భాష రావాలి, అంతవరకూ ఆవిడకి స్పష్టంగా తెలుసు. సంతలో చింతపండు అమ్ముకోవడానికి సరిపడే తెలుగు ఆవిడకుంది. నేను పెట్టె పట్టుకుని వాళ్ళ అరుగు మీద కూచునేదాన్ని. వాళ్ళిద్దరూ తలలకి పట్టీలు కట్టుకుని, వాకిట్లో చాప మీద చింతపండు పిక్కలు తీస్తూ, సామలు చెరుగుతూ మాట్లాడుకునేవారు. మొదట ఆవిడ మాట్లాడటం, ఈయన తలకాయ ఊపడం. తరవాత ఒక్కొక్క మాటా ఈయన నోట రావడం మొదలైంది. వాన పడబోతుంటే ఈయనే ముందు చూసి, వాళ్ళ ఎరిమ భాషలో కేకవేసి చాప ఎత్తించేవాడు. నాకు మా యంత్రం మీద మళ్ళీ ప్రేమ పుట్టుకొచ్చింది.

భాష రావడమే కాదు, ఆయన మనిషే మెత్తబడ్డాడు. ఇంటికి ఎవరొచ్చినా ఎదురెళ్ళి, చేతిలో సంచీ అందుకుని, మంచినీళ్ళు తానే తెచ్చిచ్చేవాడు. కేబుల్ కుర్రాడికి కూడా బెల్లం ముక్క పెట్టేవాడు. తన్మయి నవ్వేది. నేనూ మురిసిపోయాను. కొంప ముంచేది అదేనని అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి విచారణ జంపరవలస బడి రేకుల షెడ్డులో జరిగింది. క్వారీ తరపున వీరభద్రంగారు అనే ప్లీడరు వచ్చాడు. పెద్దగా మాట్లాడడు, అవతలివాళ్ళ తప్పు కోసం కాచుకుని కూచునే రకం. ఎరిమలు మా ఆయనకి మంచం వేసి, మీద కొత్త దుప్పటి పరిచి, కాళ్ళకి నీళ్ళిచ్చి, బెల్లం పానకం ఇచ్చారు. ఈయన వాళ్ళ భాషలో పలకరించేసరికి షెడ్డంతా వెలిగిపోయింది. ముసలమ్మలు వచ్చి ఆయన చేతులు పట్టుకుని చూశారు. పంటల గురించి మాట్లాడుకున్నారు, పిల్లల గురించి మాట్లాడుకున్నారు, ఎవరి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో విచారించుకున్నారు. పొద్దువాలే వరకూ కబుర్లే. క్వారీ మాట ఎవరూ ఎత్తలేదు. మా ఆయనా ఎత్తలేదు. వీరభద్రంగారు కాయితాలు సర్దుకుంటూ, స్వయంగా వాళ్ళ భాషలోనే విచారించి కష్టమేమీ లేదని తేల్చుకున్నారు కదా, ఇక నివేదిక రాసేయవచ్చునన్నాడు.

జీపు కొండ దిగుతుండగా నేను ఒంటికాలి మీద లేచాను. ఇంత చేసి, అక్కడిదాకా వెళ్ళి, ఒక్క ప్రశ్న అడగలేకపోయారా అన్నాను.

"ప్రశ్న నోటిదాకా వచ్చింది రోహిణీ," అన్నాడు ఆయన. "అడిగితే వాళ్ళ పరువు తీసినట్టవుతుందనిపించింది. వాళ్ళ చేతి పానకం తాగి, మీకేం కష్టం వచ్చిందని ఎలా అడగను? ఎన్నో హత్యకేసులు విచారించాను, ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు."

అది ఆయన సిగ్గు కాదు, సోమిలిది. భాషతోపాటు వాళ్ళ మర్యాద కూడా ఆయన ఒంట్లోకి వచ్చి కూచుంది. మామూలు దుబాసీ కనీసం ప్రశ్నయినా అడిగేవాడు. నా యంత్రం ఆ దిక్కు కూడా లేకుండా చేసింది. పైగా విచారణ గడువు ముగియవస్తోంది. ఇంకొక్క వాయిదా తప్ప మిగల్లేదు.

మర్నాడే నేనొక్కదాన్నీ కొండెక్కి సోమిలి వాకిట్లో కూచున్నాను. నీ మొగుడు జైల్లో ఉంటే, అడిగేవాడు నీ ఎదురుగా కూచుంటే, ఎందుకు చెప్పలేదని నిలదీశాను. ఆవిడ చింతపండు గిన్నె పక్కన పెట్టి, నావైపు జాలిగా చూసింది.

"సుట్టం ముందర కష్టం సెప్పుకోకూడదమ్మా," అంది. "సెప్తే ఆయన తిన్న కూడు ఇసమైపోద్ది. ఆ క్వారీ మేనేజరూ వొచ్చినాడు, అంబలి తాగినాడు, ఏటైనా బాధుందా అన్నాడు. నేదన్నాం. ఆడూ సుట్టమే కదా."

అప్పుడర్థమైంది నాకు. జిల్లా కలెక్టరు మొదలుకొని పోలీసువరకూ వాళ్ళ గడప తొక్కిన ప్రతివాడూ చుట్టమే. ప్రతివాడికీ మంచం వేశారు, ప్రతివాడికీ అంతా బాగుందని చెప్పారు. అడిగినవాళ్ళందరూ ఆ మాటే పట్టుకుని పోయారు. ఇన్నేళ్ళుగా ఆ లోయకి ఒక్క కష్టమూ లేదని ప్రభుత్వం నమ్ముతోందంటే అందుకే. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. మరి మనిషి చుట్టం కాకుండా పోవడం ఎలాగని అడిగాను. సోమిలి లేచి ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. వానలకి వెనకగోడ సగం కరిగి కూలిపోయి ఉంది. ఆ గోడ మట్టిలో చెయ్యి పెట్టినవాడు ఇంటిమనిషి అని చెప్పింది.

*

రిటైరైన జిల్లా జడ్జి లుంగీ ఎగ్గట్టి మట్టి తొక్కడం జంపరవలస వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. ఎర్రమట్టిలో గడ్డిపోచలు, పేడ వేసి తొక్కుతుంటే ఆయన రెండుసార్లు కూలబడ్డాడు. ఆడవాళ్ళు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వారు. గోడకి మెత్తిన ముద్ద మెత్తినట్టే జారి కాలిమీద పడింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఆయన ఉడుక్కున్నాడు.

కాస్త పనయ్యేసరికి సోమిలి వచ్చి గోడ తడిమి చూసింది. చూసి, ఎరిమలో గట్టిగా తిట్టింది. ఎవరికైనా అర్థమయ్యే తిట్టే, గోడ నిండా గడ్డలే అని. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ ఆయనతో గొంతు పెంచలేదు. మా ఆయన మొహం చాటంతైంది. గడ్డలన్నీ గీకి మళ్ళీ మెత్తాడు. మధ్యాహ్నానికి ఆకలేసి అరుగు మీద చతికిలబడితే ఎవరూ మంచం వెయ్యలేదు, ఎవరూ అంబలి అందించలేదు. ఆయనే లోపలికెళ్ళి, కుండ దించి, పోసుకుని తాగాడు. సోమిలి చేతులు కడుక్కోకుండానే వచ్చి పక్కన కూచుంది. పట్టీలు తెమ్మని నాతో సైగ చేసింది.

పెట్టె మీద ఒక ముల్లు ఉంటుంది. నేర్పే మనిషి మనసు ఎంత కదిలితే అది అంత పైకి లేస్తుంది. ఎర్రగీత దాటితే మీట నొక్కి ఆపెయ్యాలని నియమం పెట్టినదాన్ని నేనే. సోమిలి మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు హెచ్చలేదు, కన్నీరు లేదు. చింతపండు బేరమాడే గొంతే అది. ముల్లు మాత్రం ఎర్రగీత దాటేసింది. మా ఆయన మొహంలో రంగు పోయింది. మట్టి పట్టిన చేతులు రెండూ గుండెకేసి నొక్కుకున్నాడు. నేను మీట మీద చెయ్యి వేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. సోమిలి మాటలు ఆపకుండానే నా చెయ్యి పట్టుకుని ఆపింది. నాకు చాలా భయం వేసింది. అయినా మీట మీంచి చెయ్యి తీసేశాను.

ఆవిడ చెప్పినదేమిటో దారిలో ఆయన చెప్పాడు. క్వారీలో మందు పేల్చేముందు ఈల ఊదుతారు. ఈల వినగానే వాగు దగ్గర, అదే గెడ్డ దగ్గర, ఉన్నవాళ్ళు పెద్దరాతి వెనక్కి పోతారు. సోమిలి కూతురు పూసికి ఆ సంగతి మాటలు వచ్చినప్పట్నించీ తెలుసు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల గెడ్డలో ఆడుకుంటోంది. సోమిలి గట్టు మీద సామలు ఎండబెడుతోంది. అంతా చడీచప్పుడూ లేకుండా ఉంది. ఈల ఊదలేదు. రాళ్ళు వచ్చిపడ్డాయి. పిల్ల పోయింది. ఆ తరవాతకూడా, అడగడానికి వచ్చినవాడల్లా చుట్టంలాగే వచ్చాడు, పేలుళ్ళు ఆగలేదు. అప్పుడు మగవాళ్ళు వెళ్ళి ఆఫీసు తగలబెట్టారు.

ఇదంతా చెప్పాక ఆయన నా భుజం మీద తల పెట్టుకుని, మన పూసి అన్నాడు. సోమిలి పూసి అనలేదు.

*

ఇంట్లో మధ్యాహ్నాలు గడవడం కష్టమైపోయింది. తన్మయి చదువుకునే వేళ అది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని ఒకప్పుడు ఆయనే అందరి నోళ్ళూ మూయించేవాడు. ఇప్పుడు ఇల్లు నిమిషం సద్దుమణిగితే చాలు, కుర్చీలోంచి ఉలిక్కిపడి లేచి, ఎరిమలో ఏదో కేకలేస్తూ తన్మయి గదిలోకి పరిగెత్తేవాడు. దాన్ని రెక్కపట్టుకుని మంచం పక్కకి లాగేవాడు. ఆ మాటలు దానికి తెలియవు, ఆ చేతి బిగువు మాత్రం తెలిసేది. నాన్నకేమైందమ్మా అని ఏడ్చింది. నేను నిజం చెప్పాను. నా యంత్రమే అలా చేసిందనీ, తీసెయ్యడం నాకు చేతకాదనీ చెప్పాను. అది ఆ రోజునుంచీ రేడియో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పాటల హోరులో లెక్కలు చేసేది. వాళ్ళ నాన్న పక్కగదిలో ప్రశాంతంగా కూచునేవాడు. నా కూతుర్ని చూసి నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

ఆఖరి విచారణకి గొర్లిపేటవాళ్ళు కూడా వచ్చి షెడ్డు వెనక గుంపుగా నిలబడ్డారు. క్వారీ మూసేస్తారేమోనన్న భయం కొందరిది, కొండోళ్ళ ఆట కట్టిస్తారన్న ఆశ కొందరిది. మా ఆయన మంచం వద్దని నేలమీద బాసిపట్లు వేసుకుని కూచున్నాడు. పని మొదలుకాకముందే వీరభద్రంగారు లేచాడు. యంత్రం సంగతి ఆయనకి తెలిసిపోయింది. ఒక పక్షం మనిషి బాధని తలకెక్కించుకున్న న్యాయమూర్తి నిష్పక్షపాతంగా ఎలా ఉంటారని అడిగాడు. ప్రశ్న బలమైనదే. ఇది గనక నెగ్గితే సోమిలి మొగుడు జైల్లోనే, మా ఆయన మోస్తున్న బరువంతా వృథాయే.

మా ఆయన కోపం తెచ్చుకోలేదు.

"వీరభద్రంగారూ, ఉన్నమాట దాచను. ఆ బిడ్డ చావు నా ఒంట్లో ఉంది. అది సాక్ష్యం కాదు, నివేదికలో ఒక్క ముక్క కూడా రాయను. కాని ఏం అడగాలో ఇప్పుడు నాకు తెలుసు. ఇన్నేళ్ళు తెలుగులో సాక్ష్యాలు విని తీర్పులిచ్చాను. ఆ తెలుగు కూడా ఎవరి ఒళ్ళోనో వాళ్ళ ఇష్టాలతో, భయాలతో నేర్చుకున్నదే. అప్పుడు మీరెవరూ నా పక్షపాతం గురించి అడగలేదు. ఇవాళ రెండు ఒడులు ఎరిగినవాణ్ణి. మీ సాక్షుల్నీ అలాగే వింటాను."

వీరభద్రంగారు కాయితం మీద ఏదో రాసుకుని కూచున్నాడు.

అప్పుడు మా ఆయన సోమిలివైపు తిరిగి ఎరిమలో ఒక్క మాట అడిగాడు, పూసి ఎలా పోయిందని. షెడ్డంతా కదిలింది. ఇంటిమనిషి అడిగే ప్రశ్న అది, ఆ గొంతుతో బయటివాడు ఎవడూ అడిగి ఎరగడు. సోమిలి చెప్పింది. ఆవిడ తరవాత ఒక ముసలాయన, తరవాత ఆ రోజు గెడ్డ అవతల సామలు కోస్తున్న ఇద్దరాడవాళ్ళు, ఎవరికి వాళ్ళు వేరువేరుగా వచ్చి చెప్పారు. ఈల ఊదలేదన్నది అందరిదీ ఒకటే మాట. పాడైన పంటలు, పగిలిన గోడలు, పూడిపోయిన ఊట, ఇన్నేళ్ళ దాపరికమంతా బయటికొచ్చింది. మా ఆయన ఒక్కొక్క మాటనీ వెంటనే తెలుగులో పైకి చెబుతూ పోయాడు. అది రాసుకునేవాళ్ళ కోసమే మొదలుపెట్టాడు గాని, వెనక నిలబడ్డ గొర్లిపేటవాళ్ళు కూడా వింటున్నారు. కొండమీద ఒక పసిపిల్ల చచ్చిపోయిందని వాళ్ళు వినడం అదే మొదలు.

ఉన్నట్టుండి గుంపులోంచి బట్టతల మనిషి ఒకడు ముందుకి తోసుకొచ్చాడు. క్వారీలో ఈల ఊదే పైడిరాజు. వీరభద్రంగారు ఇతన్ని తన సాక్షిగానే పిలిపించాడు.

"బాబూ, ఆ దినం నాను ఈల ఊదనేదు," అన్నాడు. "మేనేజరు సరుకులకని నన్ను కిందికి పంపీసినాడు. నా బదులు ఎవుల్నీ పెట్టనేదు. పాప సచ్చిపోనాదని ఇప్పటిదాకా నాకు తెల్దు బాబూ. తెలిస్తే నాను నోరు మూసుకుందునా?"

అని, సోమిలి ఎదురుగా వెళ్ళి చేతులు జోడించి నిలబడిపోయాడు. సోమిలి అతన్ని తేరిపార చూసి, మెల్లగా ఏదో అంది. మా ఆయన దాన్ని తెలుగులో చెప్పాడు.

"చుట్టంలా నిలబడొద్దట. వచ్చి పక్కన కూచోమంటోంది."

పైడిరాజు కూచున్నాడు. అతని వెనకే గొర్లిపేటవాళ్ళు ఒక్కరొక్కరుగా చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఎరిమల మధ్య చోటు చూసుకుని కూచున్నారు. వీరభద్రంగారు మాత్రం కాయితాలు సంచీలో పెట్టుకుని, ఇక అడగడానికేమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చేశాను. సంతోషంతోనే ఏడ్చాను.

*

నివేదిక ప్రభుత్వానికి అందింది. కేసు ఎత్తేశారు. దుంబూ మిగతావాళ్ళూ లారీలో ఇంటికొస్తుంటే గొర్లిపేట దగ్గర ఊరంతా అడ్డం వచ్చి ఆపింది. డ్రైవరు హడలిపోయాడట. తీరా చూస్తే వాళ్ళు దింపుకుని భోజనాలు పెట్టడానికి వచ్చారు. క్వారీ మూతపడింది. మేనేజరు మీద కేసు నడుస్తోంది. గొర్లిపేటవాళ్ళ కూలికి వేరే దారి చూపించేదాకా మా ఆయన ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. సంత మళ్ళీ మొదలైంది.

కొండప్రాంతాల్లో ఉద్యోగానికి వెళ్ళే ప్రతి అధికారీ అక్కడి భాష నేర్చుకున్నాకే బాధ్యతలు తీసుకోవాలని తరవాత నియమం వచ్చింది. వందల కొద్దీ తలపట్టీలు కావాలని మాకు కబురొచ్చింది. శివన్నారాయణ ఎగిరి గంతేశాడు. ఏళ్ళ తరబడి మేం ఎదురుచూసిన రోజు అదే మరి. నేను సోమిలిని అడగడానికి వెళ్ళాను. ఆవిడ పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నాకు తిరిగి ఇచ్చేసింది.

"నా పూసిని అందరికీ పంచలేనమ్మా," అంది. "మీ ఆయనొక్కడు మోస్తన్నాడు, సాలు. ఆళ్ళకి నోటితోనే నేర్పుతాను. నిదానంగా నేర్చుకుంటారు."

నేను పట్టీని సంచీలో పెట్టేసుకున్నాను. యంత్రం తయారుచేసినదాన్ని నేనే అయినా, ఆ క్షణాన నా నెత్తిమీంచి ఒక బరువు దిగిపోయింది. శివన్నారాయణ మాత్రం నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

మొదటి తరగతి విశాఖలోనే జరిగింది. హాలు నిండా కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పోలీసు అధికారులు, యువ మేజిస్ట్రేట్లు. వాళ్ళ మధ్యలో గొర్లిపేటనుంచి వచ్చిన పైడిరాజు. మేం ముగ్గురం వెనక వరసలో కూచున్నాం. మధ్యాహ్నం వేళ అని తన్మయి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకునే ఉంది. సోమిలి వేదిక మీదికెక్కి, కొంగు బిగించి, అందరినీ ఓసారి కలియజూసింది. ముందు వరసలో ఒక యువ అధికారి లేచి, మొదట నమస్కారం చెప్పడం నేర్పమని వినయంగా అడిగాడు. అది ఆఖరున అంది సోమిలి. ముందు కష్టం చెప్పే మాటలు నేర్పుతానంది. అవి మీ నోటికి అలవాటు కాకపోతే మా నోటినుంచి వచ్చినప్పుడు మీ చెవికి ఆనవంది.

ఎరిమలో ఒక వాక్యం చెప్పింది. మా ఆయన మా చెవుల్లో దాని తెలుగు చెప్పాడు. హాలు గొణిగింది. సోమిలి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెప్పింది. ఈసారి కాస్త గట్టిగా అన్నారు. ఆవిడకి ఆనలేదు. లేచి నిలబడమంది. ఖాకీ బట్టలవాళ్ళూ నల్లకోట్లవాళ్ళూ అందరూ లేచారు. మా ఆయనా లేచాడు, నేనూ తన్మయీ లేచాం. గుండెలనిండా గాలి పీల్చుకుని, ఆ కొండభాషలో హాలు దద్దరిల్లేలా అన్నాం.

"నాకు అన్యాయం జరిగింది. నా మాట వినండి."

సోమిలి కళ్ళు మూసుకుని వింది. విని, కళ్ళు తెరిచి, ఇంకోసారి అనమంది.